బూరె తూకం

"కుక్కకి తిండి పెడుతున్నారా, పెళ్ళివారికి వడ్డిస్తున్నారా?"

తూకం మీద నించున్న బూరెనీ, వాణ్ణి తెచ్చిన రవిచంద్రనీ మార్చి మార్చి చూస్తూ అడిగింది నిరుపమ. కొండ పక్క పేట మౌంట్ ఆల్బర్ట్‌లో పశువుల డాక్టరు దగ్గర ఆమె నర్సు. బూరె గోధుమరంగు లాబ్రడార్. పేరుకు తగ్గట్టే తయారయ్యాడు.

"డ్రై ఫుడ్డేనండి," అన్నాడు రవిచంద్ర.

"వట్టిదేనా?"

"పైన కొంచెం పెరుగన్నం, ఓ గుడ్డు. నెయ్యి చుక్క."

"చుక్కా, గరిటా?"

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీడు అడుగుతున్నాడండి."

నవ్వొచ్చినా ఆపుకుంది నిరుపమ. "వీడి మోకాళ్ళు అప్పుడే అరుగుతున్నాయి. ఇలాగే పెడితే మెట్లు కూడా ఎక్కలేడు. అన్నం, నెయ్యి మానేయండి. ఉడికించిన క్యారెట్టో, బీన్సో వేయండి. పైన ఏది వేసినా, అంతకు తగ్గట్టు డ్రై ఫుడ్ తగ్గించాలి. ప్రతి శనివారం తెచ్చి తూయించండి."

ప్రతి శనివారం. బయట సన్నగా వాన. ఆ రెండు మాటలూ ఇంటిదాకా అతని వెంట తడుస్తూ వచ్చాయి.

ఆ చలికాలమంతా అతనికి వారంలో ఒక్కటే రోజు. ఆఫీసులో కోడ్ రాస్తూ కిటికీ అద్దం మీద జారే చినుకుల్ని చూస్తూ కూర్చునేవాడు. ఇంట్లో కప్పుతో కొలిచి పెట్టేవాడు. బూరె తగ్గుతూ వచ్చాడు, నిరుపమ కబుర్లు పెరుగుతూ వచ్చాయి.

"ఇంకొక్క కిలో," అంది ఓ శనివారం, సంబరంగా. "ఆ తర్వాత మీరు రానక్కర్లేదు."

ఆ వారం బూరె గిన్నెలో మళ్ళీ నెయ్యి పడింది.

తూకం తగ్గలేదు. "అదేంటి?" అంది నిరుపమ. అతను వాన వైపు చూశాడు.

మర్నాడు షికారుకి తీసుకెళ్తే, కొండ ఎక్కుతూ బూరె సగంలో ఆగిపోయాడు. వెనక కాలు నేలకు ఆనించకుండా, తోక ఊపుతూ యజమాని మొహంలోకి చూశాడు. ఆ చూపులో నమ్మకం తప్ప ఇంకేమీ లేదు. రవిచంద్రకు తన మీద తనకే అసహ్యం వేసింది. వాణ్ణి ఎత్తుకుని, రొప్పుతూ కిందికి దిగాడు. నెయ్యి సీసా ఆ రోజే ఫ్లాట్‌మేట్‌కి ఇచ్చేశాడు.

కొన్నాళ్ళకు ఆఖరి కిలో కూడా తగ్గింది.

"సాధించారు," అంది నిరుపమ.

"ఆమధ్య ఓ వారం తగ్గలేదు కదండీ..."

"నెయ్యి వేశారు. వీడి మూతి దగ్గర వాసనొచ్చింది."

"మరి అప్పుడే అడగలేదేం?"

"ఎందుకు వేశారో తెలిసింది కాబట్టి. ఇంకోసారి వేసుంటే మీతో మాట్లాడేదాన్నే కాదు."

"శనివారాలు పోతాయని తెలిసినా నెయ్యి మానేశానండి," అన్నాడు రవిచంద్ర. "మీరంటే నాకు చాలా ఇష్టం."

వాన ఆగిందో, తనకే వినపడటం లేదో అతనికి తెలియలేదు. నిరుపమ తలొంచి బూరె మెడపట్టీ సర్దింది.

"రేపు రాత్రి మా ఇంటికి భోజనానికి రండి," అంది. "అమ్మకి మీ గురించి ఎప్పుడో చెప్పాను."

"ఏమని?"

"వచ్చి అమ్మనే అడగండి." అప్పుడు తలెత్తింది. కళ్ళు నవ్వుతున్నాయి. "వద్దన్నా వడ్డిస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం తిండి తగ్గించుకుని రండి."