అత్తగారి ఈల

ఆ ఇంట్లో పొద్దు పొడవడం కంటే ముందు ఈల మోగుతుంది. బళ్లో డ్రిల్లు టీచరుగా చేసిన అత్తగారు తను రిటైరయ్యారు గానీ ఈలను రిటైరు కానివ్వలేదు. హాల్లో నిలబడి ఒక్క ఊపు ఊదితే మామగారు, కొడుకు, ఖర్మ కొద్దీ పక్కింటివాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు.

ఆ రోజు ఈలకు కోడలు దిగ్గున లేచింది. లేచిన మనిషి లేచినట్టే కళ్లు తిరిగి విడిచిన బట్టల బుట్టలో కూలబడింది. ఐదో నెల. బుట్ట నిండుగా ఉండబట్టి దెబ్బ తగల్లేదు.

"చూశారా?" అన్నారు అత్తగారు మామగారితో. "చెప్పుల షాపులో వచ్చినవాళ్ల కాళ్ల దగ్గర వంగి లేచీ, వంగి లేచీ ఒళ్లు గుల్ల చేసుకుంది. రేపట్నించి మానేయాల్సిందే."

పై నెల పిల్లల చెప్పుల సెక్షన్ కోడలి చేతికి రాబోతోంది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన బాధ్యత. ఇప్పుడు మానేస్తే ఇంకొకరు తన్నుకుపోతారు.

"షాపులో ఎప్పుడూ పడలేదు అత్తయ్యా. ఇంట్లోనే పడ్డాను."

"అంటే నా ఇల్లు పడేసిందా నిన్ను?"

మామగారు పేపరు వెనక్కి వెళ్లిపోయారు. కొడుకు డాక్టరు దగ్గరికి వెళ్దామంటూ చెప్పులు వెతుక్కున్నాడు.

డాక్టరమ్మ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది.

"లేచి నిలబడితే రక్తం కాళ్లలోకి దిగుతుంది. అప్పుడు నరాలు రక్తనాళాలను బిగుసుకోమంటాయి. కడుపుతో ఉన్నప్పుడు నాళాలు వదులవుతాయి. నరాలు మామూలుకంటే గట్టిగా అరుస్తాయి, నాళాలేమో సగమే వింటాయి. నెమ్మదిగా లేస్తే చాలు. పని మానక్కర్లేదు, కూర్చుని చేసుకోవాలి."

"అచ్చం మా ఇల్లే," అని నోరు జారాడు కొడుకు. తల్లి చూపుకు మిగతాది మింగేశాడు.

ఇంటికొచ్చాక కోడలు ధైర్యం కూడగట్టుకుంది. "నేను ఉలిక్కిపడి లేచేది మీ ఈలకే అత్తయ్యా."

ఇల్లు పేలిపోతుందనుకున్నారంతా. అత్తగారు మాత్రం మెడలోని ఈలను వేళ్లతో తడిమారు.

"వీడు కడుపులో ఉన్నప్పుడు నేనూ గ్రౌండులో పడ్డాను. హెడ్మాస్టరు నాటకాలన్నాడు. ఉద్యోగం పోతుందని, చీకట్లు కమ్ముతున్నా ఈల నోట్లో పెట్టుకుని నిలబడ్డాను. కాస్త కూర్చోమ్మా అన్నవాళ్లు లేరు. ఇన్నేళ్లూ నేనే చేతకానిదాన్ననుకున్నా."

కోడలికి ఏడుపొచ్చింది. ఆ ఈలలో ఉన్నది పెత్తనమనే అనుకుంది ఇన్నాళ్లూ.

మర్నాడు ఈల మోగలేదు. మామగారు, కొడుకు ఒళ్లెరగకుండా నిద్రపోయారు. మంచం పక్కన అత్తగారు గుసగుసగా, "పక్కకు తిరుగు. ఇప్పుడు కూర్చో. కాళ్లు కిందికి దించు. తొందరేం లేదు," అంటున్నారు.

షాపు తెరిచిన కాసేపటికి చంకలో పొట్టి స్టూలుతో ఊడిపడ్డారు. కోడలి ముందు దాన్ని ధన్‌మని పెట్టి, "కూర్చో," అన్నారు.

డ్రిల్లు గొంతు కదా, షాపులో ఉన్నవాళ్లంతా కూర్చున్నారు. ఓనరుతో సహా.

కోడలు నవ్వాపుకుంటూ స్టూలు మీద కూర్చుంది. నిలబడే ఉన్న అత్తగారి చెయ్యి పట్టుకుని పక్కనున్న బెంచీ చూపించింది.

"కాస్త కూర్చోండమ్మా."

అత్తగారు కూర్చున్నారు.