గోల్డ్ వాళ్ళకే మోగే అలారం

ఛా గిహ్వాన్‌ని చంపింది మీరే! పాంగ్యో ఐటీ కంపెనీల అద్దాల మేడల్లో కూర్చుని ‘రోగికే అధికారం’ అని పోస్టర్లు వేయించిన పెద్దమనుషులారా, మీరే! కత్తి పట్టలేదు, తుపాకీ పేల్చలేదు. అతని చేతికి మీరంటించిన సెన్సర్ నోరు నొక్కారు, అంతే. షుగర్ పడిపోతుంటే అరవాల్సిన అలారం అరవలేదు. ఏజెంట్ ఛా కారు స్టీరింగ్ మీదే తల వాల్చేశాడు.

ఈ మాటలన్నీ ఏజెంట్ నమ్‌గుంగ్ సొల్ బల్ల మీదున్న ఫొటోని చూసి అంటోంది. ఆ సెన్సర్లు చేసే మోమ్‌జిగి కంపెనీ వాళ్ళ గ్రూప్ ఫొటో. అందరూ నవ్వుతున్నారు.

“అరిచింది చాలు,” అన్నాడు గూఢచారి సంస్థ డైరెక్టర్ బాంగ్. “వీళ్ళ వెనక ఉన్నది ఆర్గస్. విదేశీ ముఠా. ఇవ్వాళ లాంచ్ పార్టీలో మూడింటికి అప్‌డేట్ పంపుతున్నారు. ఎక్కువ డబ్బు కట్టే గోల్డ్ మెంబర్లకి అలారం మోగుతుంది, మామూలు ప్లాన్ వాళ్ళకి మోగదు. కొందరు పోతారు. గోల్డ్ వాళ్ళు బతికారని లెక్కలు చూపించి దేశదేశాల్లో అమ్ముకుంటారు. ఛా మీద చేసింది రిహార్సల్.”

“కోర్టు ఆర్డర్?”

“సోమవారం ఇస్తారట.”

“సోమవారం దాకా బతికుండమని రోగులకి చెప్పారా సార్?”

బాంగ్ గడియారం చూసుకున్నాడు. “అప్‌డేట్ ఆపగలిగేది ముఠా ఛైర్మన్ ఫోన్ ఒక్కటే. వాడి ముఖం చూపిస్తేనే తెరుచుకుంటుంది. వాడెవడో మనకి తెలీదు. లోపల మన మనిషి ప్యో యున్‌ఛే ఉంది, చూపిస్తుంది. ఒక్కటే అవకాశం. వేరేవాడి మీద పడ్డావో, అసలువాడు జారుకుంటాడు.”

“మా పాప హారమ్‌ది కూడా మామూలు ప్లానే సార్.”

“తెలుసు. నిన్ను పంపకూడదు. పంపడానికి ఇంకెవరూ లేరు.”

సొల్ గోల్డ్ మెంబర్ వేషం కట్టింది. ఆఫీసు వాళ్ళు తయారుచేసిచ్చిన ముత్యాల దండ, అరువు హ్యాండ్‌బ్యాగ్. గుమ్మం దగ్గర అందరి ఫోన్లూ తీసుకుంటున్నారు. ఇచ్చేలోపు తల్లి మెసేజ్ కనబడింది: ‘పాపకి జ్వరం. ఏమీ తినకుండా పడుకుంది. అలారం ఉందిగా, నేను మార్కెట్‌కి వెళ్ళొస్తా.’

“అమ్మా, వెళ్ళకు,” అని టైపు చెయ్యబోయింది. గార్డు నవ్వుతూ ఫోన్ లాగేసుకున్నాడు.

లోపల ఎర్ర గౌనులో యున్‌ఛే. హాల్లో సగం మంది కళ్ళు ఆమె మీదే.

“కిమ్చీ పచ్చడి పులిసిందా?” అంది సొల్.

“మూత తీస్తే ఇల్లంతా వాసన,” అంది యున్‌ఛే. కోడ్ సరిపోయింది. “వేదిక మీద తెల్ల జుట్టాయన, సీఈఓ జాక్. వాడే ఛైర్మన్, అక్కా. వెళ్ళు.”

జాక్ అసలు పేరు మా తేషిక్. యాభై దాటాయి. ఈ కంపెనీలో అందరూ సమానమట, గారూ లేదు, సారూ లేదు, అందరికీ ఇంగ్లీషు పేర్లే. జాక్ పక్కన చేతికి సెన్సర్‌తో కుర్రాడు లియో. పోస్టర్లో ఉన్న ‘అధికారం దొరికిన రోగి’ వీడే.

పెద్ద తెర మీద అప్‌డేట్‌కి మిగిలిన సెకన్ల అంకెలు తరుగుతున్నాయి. సొల్ జాక్ వైపు దూసుకెళ్ళింది. ఇంకో మూడడుగులేస్తే ఫోన్ చేతిలో ఉంటుంది.

అప్పుడే అందరూ గ్లాసులెత్తారు. జాక్ కూడా ఎత్తాడు. ఎత్తి, ముఖం పక్కకి తిప్పుకుని, గ్లాసుకి చెయ్యి అడ్డం పెట్టుకుని తాగాడు.

సొల్ కాళ్ళు ఆగిపోయాయి.

ఈ దేశంలో అలా తాగేది వయసులోనో హోదాలోనో పెద్దవాళ్ళ ముందు. మీసాలు రాకముందే తండ్రి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే మర్యాద అది. పేర్లు మార్చుకున్నంత మాత్రాన మెడ ఊరుకుంటుందా! కానీ జాక్ ముందున్నది ఎవరు? కొడుకు వయసు లియో ఒక్కడే. పోస్టర్ బొమ్మ ముందు సీఈఓ తల తిప్పుకోవడమేమిటి, వాడే ఛైర్మన్ అయితే తప్ప?

సొల్ లియో వైపు తిరిగింది. యున్‌ఛే అడ్డం వచ్చింది. ఎర్ర సంచిలోంచి చిన్న పిస్టల్ పొట్టకి తగిలింది.

“అబద్ధం చెప్పావు కదే!”

“మా నాన్నకి గోల్డ్ ఇచ్చారక్కా.” యున్‌ఛే గొంతు తగ్గించింది. “ఉట్టినే. జీవితాంతం.”

“మా పాప పడుకుని ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. కాల్చేట్టయితే త్వరగా కాల్చు. లేదంటే తప్పుకో!”

పిస్టల్ కదల్లేదు. యున్‌ఛే కళ్ళు మాత్రం తెర వైపు వెళ్ళాయి. సొల్ ముత్యాల దండ తెంపి గుప్పెడు నేలకేసి కొట్టింది. ముత్యాల్లో దాచిన పొగ గుప్పుమంది. దగ్గులు, కేకలు. ఎవరో గ్లాసు తొక్కారు. పొగలో లియో కాలర్ దొరికింది.

“నేను రోగినండీ!” అని అరిచాడు వాడు.

“ఇప్పుడవుతావు,” అని వాడి జేబులో ఫోన్ లాగి ముఖానికి ఎదురుగా పెట్టింది సొల్. తెరుచుకుంది. ఆ ముఖమే! పెద్ద తెర మీద అంకె ఒకటికి వచ్చింది. ఆమె బొటనవేలు ‘రద్దు’ మీద పడింది.

అంకెలు ఆగిపోయాయి.

అదే ఫోన్‌తో ఇంటికి కొట్టింది. పదేపదే కొడితే అయిదోసారికి ఎత్తారు.

“ఏమిటే, ఎవరి నంబరిది?” తల్లి గొంతు. “కూరలోణ్ణి కడిగేస్తుంటే నా ఫోన్లో అలారం మోగింది. పరిగెత్తుకొచ్చా. పాప జ్యూస్ తాగుతోంది. ఏడుస్తున్నావెందుకు?”

“పొగ, అమ్మా.”

బాంగ్ మనుషులు లోపలికొచ్చి లియోకీ జాక్‌కీ యున్‌ఛేకీ బేడీలు వేశారు. పారిపోబోతున్న పెట్టుబడిదార్ల వైపు తిరిగి సొల్ వేదిక మీది మైకందుకుంది.

“ఆగండి, పార్టీ అవలేదు. గోల్డూ మామూలూ అని రెండు అలారాలు వద్దు. ఒక్కటే ఉండాలి, అందరికీ మోగాలి, ధర లేకుండా. ఈ గదిలోంచి బయటికెళ్ళే లోపల అలా అని రాసి సంతకాలు పెట్టండి. సోమవారం అన్నారా, ముత్యాలు ఇంకా మిగిలాయి.”