ఆర్డర్ అందేలోపు

పొగమంచు!

బానెట్ అవతల ఏముందో కనిపించడం లేదు.

అయినా నోయెలియా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తియ్యడం లేదు.

కరకట్ట మీద కంకర రోడ్డు. ఎడమ పక్క చెరకు తోటలు. కుడి పక్క నిండుగా పారుతున్న పంట కాలువ. మధ్యలో ఆమె పాత పికప్ ట్రక్ ఎగిరెగిరి పడుతూ పరిగెడుతోంది.

తెల్లారింది. కానీ వెలుతురు లేదు. అంతా బూడిద రంగు.

అద్దంలో రెండు పసుపు చుక్కలు...

పెద్దవవుతున్నాయి... ఇంకా పెద్దవి...

ధడ్!!

వెనక నుంచి గుద్దు! స్టీరింగ్ చేతుల్లోంచి జారింది. ట్రక్ కాలువ వైపు వాలింది. నోయెలియా పళ్ళు బిగించి ఎడమకి తిప్పింది. ఒక చక్రం గాల్లో తిరిగి, మళ్ళీ కంకరని పట్టుకుంది.

ఫోన్ మోగింది.

తెర మీద పేరు... కోల్బీ!

మొన్నమొన్నటిదాకా కోర్టులో ఆమె పక్క కుర్చీ వాడిది. ఇద్దరూ కోర్టు ఆర్డర్లు అందించే డెప్యూటీలు. ఆరేళ్ళు ఒకే కారులో తిరిగారు. ఒకే డబ్బాలో తిన్నారు.

స్పీకర్ నొక్కింది.

"ఆపు, నోయెలియా."

"నన్ను గుద్దింది నువ్వా?"

"మెల్లగానే గుద్దాను. ఈసారి మెల్లగా గుద్దను."

"ఎప్పుడు చేరావురా ఆ గోడ కాంట్రాక్టరు క్రాడక్ దగ్గర?"

"సోమవారం."

"సిగ్గు లేదూ!"

"ఉండేది. జీతంతో పాటు అదీ ఆగిపోయింది." కోల్బీ గొంతులో నవ్వు లేదు. "మా ఆవిడ ఇన్సులిన్‌కి మందుల షాపు వాడు అప్పివ్వనన్నాడు. గవర్నమెంటు ఉద్యోగినయ్యా అంటే, 'అందుకే ఇవ్వను' అన్నాడు. నువ్వైతే ఏం చేస్తావ్?"

నోయెలియా పక్కకి చూసింది.

పక్క సీట్లో తోలు ఫోల్డర్. అందులో మూడు కాగితాలు. సంతకం తడి ఆరి గంట కూడా కాలేదు.

జడ్జి విటేకర్ తన వంటింటి బల్ల మీదే ఆ సంతకం పెట్టింది. నైటీ మీద కోటు వేసుకుని, కళ్ళజోడు వెతుక్కుంటూ.

"గవర్నమెంటు లాయరుకి మెయిల్ పంపాను," అందావిడ. "క్షణంలో జవాబొచ్చింది. 'నిధులు లేక ఆఫీసు మూసేశాం, తెరిచాక చూస్తాం' అని! అదీ మనిషి పంపింది కాదు, మెషీన్ పంపింది. క్రాడక్ ఫోను ఎత్తడు. రేపు నా ముందు నిలబడి 'నాకు అందలేదు మేడమ్' అంటాడు. వాడి చేతిలో పెట్టు, నోయెలియా. చేతిలో!"

సరిహద్దు గోడకి డబ్బివ్వమని అధ్యక్షుడు అడిగాడు. చట్టసభ ఇవ్వనంది. ఇచ్చేదాకా ఏ బిల్లు మీదా సంతకం పెట్టనని ఆయన భీష్మించుకున్నాడు. ప్రభుత్వం మూతపడింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఎమర్జెన్సీ అన్నాడు. సైనికుల ఇళ్ళకని దాచిన డబ్బు లాగి, సరిహద్దు నది ఒడ్డున, ఒక ముసలాయన సొంత చర్చి ముందు, బుల్డోజర్లు దింపాడు.

ఆర్డరులో జడ్జి రాసింది ఒక్కటే మాట. ఖజానా తాళం చట్టసభది. తలుపు పగలగొట్టే హక్కు అధ్యక్షుడికి లేదు. పని ఆపండి.

కానీ అది క్రాడక్ చేతికి అందేలోపు...

"వాళ్ళు మొదలెట్టేశారు, నోయెలియా," ఫోనులో కోల్బీ. "ముందు కూల్చేస్తే ఇక కేసే లేదు. కూలిపోయిన చర్చికి స్టే ఏమిటి? నిన్ను కాసేపు ఆపమన్నారు, అంతే. చంపమనలేదు."

"అబ్బో, దయగలవాళ్ళు!"

ధడ్!!

వెనక అద్దం పగిలి గాజు ముక్కలు మెడ మీద పడ్డాయి. చెవి కింద వెచ్చగా కారుతోంది.

నోయెలియా ఈ ఊళ్ళోనే పుట్టింది. ఈ కరకట్ట మీదే సైకిలు నేర్చుకుంది. పంప్‌హౌస్ దగ్గర రోడ్డు ఉన్నట్టుండి ఎడమకి విరుగుతుంది. కోల్బీది డల్లాస్. వాడికి తెలియదు.

లైట్లు ఆర్పేసింది.

బ్రేక్ తొక్కలేదు. తొక్కితే వెనక ఎర్ర లైటు వెలుగుతుంది. హ్యాండ్‌బ్రేక్ లాగింది... స్టీరింగ్ ఒక్కసారిగా ఎడమకి తిప్పింది... ట్రక్ గట్టు దిగి చెరకులోకి దూసుకెళ్ళింది. గడలు ఫటఫటమని విరుగుతున్నాయి...

ఆగింది.

పైన కోల్బీ బండి నేరుగా పోయింది.

ఒక్క క్షణం నిశ్శబ్దం.

ధభేల్!!

కాలువ నీళ్ళు గట్టు దాటి ఎగిరిపడ్డాయి.

నోయెలియా దిగి పరిగెత్తింది. కోల్బీ బండి ముక్కు నీళ్ళలో గుచ్చుకుని నిలబడింది. వాడు కిటికీలోంచి పాక్కుంటూ వచ్చి టాపెక్కాడు. వణుకుతున్నాడు.

"బతికే ఉన్నావా?"

"ఉన్నా! ఐసులా ఉన్నాయే నీళ్ళు!"

"తాడు వెయ్యనా?"

కోల్బీ ఆమె వైపు చూశాడు.

"వద్దు. పో."

"ఏమిటీ?"

"ఆ ముసలాయన... ఇలారియో... రాత్రి ఇంట్లో లేడు. తలుపు తీసుంది, పక్క ఖాళీ. చర్చిలో పడుకున్నాడేమో చూడమని క్రాడక్‌కి చెప్పాను."

"వాడేమన్నాడు?"

"'ఇంత మంచులో ఎవరికి ఏం కనిపిస్తుంది' అన్నాడు."



"నువ్వు విని ఊరుకున్నావా?"

"పో నోయెలియా! పోవే!"

ఆమె అప్పటికే ట్రక్ వైపు పరిగెడుతోంది.

* * *

ఇలారియో లొంగోరియా. ఎనభై దాటిన మనిషి. నది ఒడ్డున నలభై ఎకరాలు, మేకలు, సర్కారు తుమ్మ పొదలు, వాళ్ళ తాత కట్టిన బుల్లి చర్చి. దాని వెనక ఆ ఇంటివాళ్ళందరి సమాధులు. గోడ గీత సరిగ్గా వాటి మీద నుంచి పోతోంది.

అక్టోబరులో ఆయన భూమి స్వాధీనం నోటీసు పట్టుకెళ్ళింది నోయెలియానే.

ఆయన చదవలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాఫీ ఇచ్చాడు.

"నువ్వు కవాసోస్ వాళ్ళ మనవరాలివి కదూ?" అన్నాడు. "మీ తాతా నేనూ కలిసి ఈ నదిలో చేపలు పట్టాం. అవతలి ఒడ్డువాళ్ళకి చేపలిచ్చి రొట్టెలు తెచ్చుకునేవాళ్ళం. అప్పుడు దాన్ని సరిహద్దు అనేవాళ్ళం కాదమ్మాయ్. నది అనేవాళ్ళం."

ఆ కాఫీ తాగే హక్కు తనకి లేదనిపించింది. అయినా మొత్తం తాగింది. నోటీసు ఇవ్వడం ఆమె డ్యూటీ. అంతకన్నా ఏం చెప్పుకోగలదు?

ఈ రోజు అలా కాదు. ఈ రోజు ఆయన గెలిచాడు. ఒక ముసలాయన, సొంతానికి లాయరు కూడా లేని మనిషి, దేశాధ్యక్షుడి మీద గెలిచాడు!

ట్రక్ మలుపు తిరిగింది.

ఇంజను రొద...

మంచులో పసుపు రంగు కొండ ఒకటి కదులుతోంది. బుల్డోజర్!

దాని ముందు తెల్లగా, మసగ్గా... చర్చి.

నోయెలియా ట్రక్ ఆపకుండానే దూకినంత పని చేసింది. ఎదురుగా హెల్మెట్ పెట్టుకున్న లావుపాటి మనిషి. చేతిలో కాఫీ కప్పు. క్రాడక్.

"ఫెడరల్ కోర్టు డెప్యూటీని! పని ఆపండి! ఇదిగో ఆర్డర్!"

కాగితాలు వాడి గుండెకేసి కొట్టింది. తీసుకోక తప్పలేదు.

"అందింది కదా? ఆపు!"

"చదవనివ్వండి మేడమ్." క్రాడక్ జేబులోంచి కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు. మొదటి పేజీ పైనుంచి చదవడం మొదలుపెట్టాడు.

"చర్చిలో మనిషి ఉండొచ్చు!"

"నాకెవరూ చెప్పలేదే."

"కోల్బీ చెప్పాడు!"

"కోల్బీ ఏడీ?" పేజీ తిప్పాడు. "పెద్ద పెద్ద మాటలు రాసిందండీ జడ్జి గారు. అర్థం కావాలంటే టైం పడుతుంది..."

బ్లేడు లేచింది. చర్చి మెట్లకి ఇరవై అడుగులు కూడా లేదు!

నోయెలియా పరిగెత్తింది. చేతులూపింది. అరిచింది. బుల్డోజర్ కేబిన్‌లో చానో. ఊరివాడే. చెవులకి రొద వినపడకుండా మూతలు. వాడికి వినిపించదు, మంచులో కనిపించదు.

"చానో! ఆపరా! చానో!!"

పదిహేను అడుగులు...

నడుముకున్న డ్యూటీ తుపాకీ తీసింది. గాల్లోకి ఎత్తింది.

ఢాం!

చానో అదిరిపడ్డాడు. ఇటు తిరిగాడు. చూశాడు. లివర్ లాగాడు.

ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది.

నిశ్శబ్దం.

నోయెలియా ఊపిరి వదిలింది. ఆగింది! మొత్తానికి ఆగింది!

అప్పుడు...

ఢాం!!

చర్చి గుమ్మంలో మెరుపు! ఆమె భుజం పక్కన చొక్కా చిరిగింది. చర్మం కాలింది.

పన్నెండేళ్ళ ట్రైనింగ్. బుర్ర ఆలోచించలేదు. చెయ్యి ఆలోచించలేదు. మెరుపు కనిపించిన చోటికి తుపాకీ తిరిగింది... వేలు నొక్కింది...

ఢాం! ఢాం!

ఏదో బరువైనది మెట్ల మీద పడిన చప్పుడు.

"అయ్యో..." కేబిన్‌లోంచి చానో. "అయ్యో... తాత!"

నోయెలియా కాళ్ళు నడిచాయి. మంచు పక్కకి తొలగింది.

మెట్ల మీద ఇలారియో. భుజాల చుట్టూ దుప్పటి. పక్కన పాత వేట తుపాకీ. రాత్రంతా అక్కడే కూర్చున్నట్టున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. చొక్కా మీద ఎర్ర మరక పెద్దదవుతోంది...

ఆమె మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులతో గాయం అదిమింది.

"తాతా! నేను! నోయెలియాని!"

ముసలాయన కళ్ళు ఆమెని వెతుక్కుని పట్టుకున్నాయి.

"కవాసోస్ మనవరాలా..." గొంతులో గురగుర. "తుపాకీ మోగింది. మీరే మొదలెట్టారనుకున్నా..."

"లేదు! ఆపడానికి కాల్చాను! మీరు గెలిచారు తాతా! కోర్టు ఆపేసింది! ఈ భూమిని ఎవరూ ముట్టుకోకూడదు. అధ్యక్షుడు కూడా!"

"గెలిచానా?"

"గెలిచారు!"



"మరి... నన్ను కాల్చిందెవరమ్మాయ్?"



ఆయన కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. జవాబు కోసం చూస్తూ ఉన్నాయి. అలాగే ఉండిపోయాయి.

ఆమె వేళ్ళ కింద కదలిక ఆగింది.

నదిలో నీళ్ళు పారుతున్న చప్పుడు. ఎక్కడో మేక అరిచింది.

వెనక బూట్ల చప్పుడు. క్రాడక్. కాఫీ కప్పు ఇంకా చేతిలోనే ఉంది. రెండో చేతిలో ఆర్డర్.

"పోయాడా?"

ఆమె చేతులు ఇంకా గాయం మీదే ఉన్నాయి.

"పాపం." క్రాడక్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇందులో పిటిషనర్ ఇలారియో లొంగోరియా అని ఒక్క పేరే ఉందండీ. పెళ్ళాం పిల్లలు ఎవరూ లేరు. పిటిషనర్ పోయాక ఆర్డర్ ఎవరి కోసం మేడమ్?"

"అది చట్టం కాదు." ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "ఆర్డర్ ఆర్డరే."

"అలాగా? అయితే వాషింగ్టన్‌కి ఫోన్ చేసి అడగండి. ఎత్తే నాథుడు ఉంటే నాకూ చెప్పండి." వాడు వెనక్కి తిరిగాడు. "చానో! స్టార్ట్ చెయ్!"

చానో కేబిన్ దిగాడు. చెవుల మూతలు తీసి సీటు మీద పెట్టాడు. టోపీ తీశాడు. ముసలాయన వైపు చూసి గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు.

"నా వల్ల కాదు సార్."

"కూలి వద్దా?"

"వద్దు."

"పనికిమాలిన వెధవ!" క్రాడక్ కప్పు విసిరికొట్టాడు. కాగితాలు మడిచి ప్యాంటు జేబులో కుక్కుకున్నాడు. తనే కేబిన్ ఎక్కాడు.

ఇంజను గర్జించింది.

నోయెలియా లేవలేదు. ముసలాయన తల ఆమె ఒళ్ళో ఉంది. మెట్లు రాత్రి చలికి గడ్డకట్టి ఉన్నాయి.

బ్లేడు లేచింది. గొలుసు చక్రాలు మట్టిని నలుపుతూ కదిలాయి.

"మేడమ్!" పైనుంచి క్రాడక్ కేక. "శవాన్ని కొంచెం పక్కకి లాక్కోండి! మధ్యాహ్నం భోజనాల లోపు నాకు ఇదంతా చదును కావాలి!"

"ఆగు."

"వినపడట్లా!"

"ఆగు, క్రాడక్!"

వాడు చెవి దగ్గర చెయ్యి పెట్టి, తెలియదన్నట్టు తల ఊపాడు. నవ్వుతున్నాడు.

పదడుగులు...

చానో ఏదో అరుస్తున్నాడు. నోయెలియాకి వినిపించడం లేదు. ముసలాయన కనురెప్పలు మూసింది. ఆయన తలని నెమ్మదిగా మెట్టు మీద పెట్టింది. లేచి బ్లేడుకి ఎదురుగా నిలబడింది. చేతులు నెత్తురుతో జారుతున్నాయి. తుపాకీని రెండు చేతులతో పట్టుకుంది.

ఆరడుగులు...

బ్లేడు పైన, కేబిన్ అద్దం వెనక, క్రాడక్ నవ్వు ఆగిపోయింది. అయినా వాడి చెయ్యి లివర్ మీద నుంచి కదల్లేదు.

ఈసారి ఆమె గాల్లోకి గురిపెట్టలేదు.

ఢాం!