నూరు నిండిన మెట్టు

చంద్రుడి మీది శశినగరంలో తెల్లారిందంటే ప్రతి ఇంట్లోనూ మొదటి పని గాలిపంపు తుడవడం. చంద్రధూళి జల్లెడలో పేరుకుంటే పంపు మొండికేస్తుంది. అందుకే నిచ్చెనెక్కి తడిగుడ్డతో తుడిచి, తుడిచిన గుర్తుగా కుంకుమబొట్టు పెట్టడం మూడు తరాల అలవాటు.

హైమవతికి ఆ చాకిరీ అంటే ఒళ్లుమంట. ఆవిడ గణాంక శాస్త్రవేత్త. చెడిన పంపు బాగుపడటానికి నెల పడుతుంది. ఈలోగా అదనపు పంపు దొరకని ఇంటికి ఊపిరాడదు. ఊళ్లో అదనపు పంపులు ఎన్నుండాలో తేల్చాల్సింది ఆవిడే.

అందుకే ‘సంచయిని’ని తయారుచేసింది. పాత నమోదులన్నీ చదివి ఆ యంత్రం గాలిలో వెలుగుమెట్లు కట్టింది. నెలలో ఒక్క పంపూ ఆగని సంభావ్యత నూటికి నలభై. అది మొదటి మెట్టు. ఒకటి ఆగేది ముప్ఫై, కలిపితే డెబ్భై. రెండు ఆగేది ఇరవై, కలిపితే తొంభై. మూడు ఆగేది పది. దాంతో నూరు నిండింది. రెండున్నర పంపులు ఆగడమంటూ ఉండదు గనుక మెట్టుకూ మెట్టుకూ మధ్య అంతా చదునే.

“సంచిత విభాజన ప్రమేయం, అంటే కలుపుకుంటూ పోయే ఈ మెట్ల లెక్క, పూర్తయింది. నమోదుల్లో మూడు దాటిన నెల లేదు,” అంది సంచయిని.

మర్నాడే హైమవతి ఊరంతా చాటింపు వేయించింది: మూడు అదనపు పంపులు చాలు, ఇక నిశ్చింతగా ఉండండి.

మోకాళ్ల నొప్పులతో నిచ్చెనెక్కలేని అత్తగారు నాంచారమ్మ మాత్రం గొణిగింది. “గుడ్డ మానకే తల్లీ.”

“నూటికి నూరూ వచ్చాక ఇంకా తుడిచేదేముంది అత్తయ్యా?”

పై నెల మూడు పంపులు ఆగాయి, అదనపువి మూడూ అయిపోయాయి. నాలుగోది హైమవతి ఇంట్లోనే ఆగింది. నాంచారమ్మ కుప్పకూలితే పొరుగువాళ్లు తమ ఇంటికి మోసుకెళ్లారు. ఆవిడ కళ్లు తెరిచాకే హైమవతి ప్రాణం కుదుటపడింది. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చి సంచయిని ఉన్న ప్రయోగశాలకు పరుగెత్తింది.

“నన్ను మోసం చేశావు.”

“లేదు. నేను లెక్కపెట్టింది రోజూ తుడిచే ఊరిని,” అంది సంచయిని. “తుడవడం మానేసిన ఊరు నా నమోదుల్లో లేదు. మీ ఇంట్లో ఎప్పుడు మానేశారు?”

హైమవతి చూపు బల్ల మీద ఎండిపోయి ఉన్న గుడ్డ మీద పడింది. చాటింపుకు ముందే, మెట్లు వెలిగిన పొద్దుటే, ఊరందరికన్నా ముందు గుడ్డ పక్కన పడేసింది తనే.

“కొత్త నమోదులతో మెట్లు మళ్లీ కట్టనా?”

“కట్టు. నూరు నిండిన మెట్టు మాత్రం ఎవరికీ చూపించకు.”

“మీకు కూడానా?”

హైమవతి బల్ల మీది గుడ్డ తీసి తడిపి పిండింది. “ముందు నాకే చూపించకు,” అని ఇంటిదారి పట్టింది.