ఫ్రిజ్‌లో పదకొండు సీసాలు

పొద్దున్న ఆరున్నరకే భవానీపురంలోని ఆ మూడో అంతస్తు ఇంట్లో మిక్సీ మోగుతోంది. కనకవల్లమ్మ కొబ్బరిపచ్చడి చేస్తోంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్లు మొరాయిస్తున్నా కొడుక్కి టిఫిను తన చేత్తోనే చెయ్యాలి. ఆవిడ పచ్చడి గిన్నెలోకి తీసి అటు తిరిగిందో లేదో, కోడలు వేదశ్రీ వంటింట్లోకి వచ్చింది. చెంచాడు పచ్చడి చిన్న సీసాలోకి ఎత్తి, మూత బిగించి, ఇంగ్లీషులో పేరూ తేదీ రాసిన చీటీ అంటించి, ఫ్రిజ్‌లో దోసెలపిండి వెనక దాచేసింది.

దొంగతనమా అంటే దొంగతనమే మరి, అదీ సొంత ఇంట్లో! కానీ వేదశ్రీ బాధ వేదశ్రీది.

ఆమె ఇరవై ఏడేళ్లు హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో పనిచేసింది. ఏ మందు ఎంత దాటితే విషమవుతుంది, ఏ తిండి కేన్సర్‌కి అడ్డుపడుతుంది, ఏది దాన్ని పెంచుతుంది, ఇదే చదువు, ఇదే లోకం. భర్త జయదేవ్‌కి రక్తంలో కేన్సర్ అని తేలగానే ఆ ఉద్యోగం వదిలేసి, అత్తగారింటికి వచ్చి, ఇక్కడి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటోంది. రోజుకో మాత్రతో జబ్బు తోక ముడిచింది. హమ్మయ్య అనుకునేలోపే కాలేయం పరీక్షలో అంకెలు ఎక్కడం మొదలుపెట్టాయి. నలభై దాటకూడనిది నూటపది అయింది, ఆ తర్వాత నూటఅరవై.

"వచ్చే నెలకి దిగకపోతే మాత్ర ఆపాల్సిందే మేడమ్," అన్నాడు డాక్టరు. "ఆపితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు."

నిజమే, చెప్పక్కర్లేదు. మాత్ర పాతదే, మోతాదు పాతదే. మరి ఆయన ఒంట్లోకి కొత్తగా వెళ్తున్నదేమిటి? ఎవరో ఏదో పెడుతున్నారు.

మొదటి అనుమానం పనిమనిషి శౌరమ్మ మీదకి పోయింది. కంకిపాడు దగ్గర ఎవరో పసరుమందు ఇస్తాడని, దానితో తన మరిదికి కామెర్లు తగ్గాయని ఆమధ్య తెగ చెప్పింది.

"శౌరమ్మా, అయ్యగారికి పసరేమైనా తెచ్చిచ్చావా? నిజం చెప్పు."

"ప్రభువు సాక్షిగా లేదమ్మా! మీరు వద్దన్నాక ఎందుకు తెస్తానండీ? అయినా అయ్యగారివన్నీ పెద్దమ్మగారే చూసుకుంటారు కదండీ."

ఆ మాట ముల్లులా దిగింది. ఆ సాయంత్రమే అత్తగారిని అడిగింది.

"అత్తయ్యగారూ, ఆయనకి ఆకుమందులుగానీ, లేహ్యాలుగానీ ఏమైనా ఇస్తున్నారా?"

"రామ రామ! ఆకుమందులేంటే అమ్మాయ్, నాకేం తెలుసని?" అంది కనకవల్లమ్మ, సూటిగా కళ్లలోకి చూస్తూ.

అయినా వేదశ్రీకి నమ్మకం కుదరలేదు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? రెండ్రోజులకి జయదేవ్ జేబురుమాలు ఉతకడానికి వేస్తుంటే, మూలన పసుప్పచ్చ మరక కనబడింది.

"ఇదేంటండీ?"

"ఏమో, ఏ కూరో అయ్యుంటుంది," అన్నాడు పేపరులోంచి తలెత్తకుండా.

ముప్పై ఏళ్ల కాపురం. అబద్ధం ఆడితే ఆ మనిషి చెవితమ్మె లాక్కుంటాడని ఆమెకి తెలుసు. ఇప్పుడూ లాక్కున్నాడు. తల్లీకొడుకులు ఒక్కటయ్యారన్నమాట! ఆరోజు మొదలైంది ఈ సీసాల బాగోతం. శనివారం అన్నీ కాలేజీ ల్యాబుకి పట్టుకెళ్లి తేల్చేద్దామనుకుంది.

శనివారం రాకముందే అన్నీ తేలిపోయాయి. శుక్రవారం మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి, భోజనాల బల్లమీద పదకొండు సీసాలూ వరసగా నిలబడి ఉన్నాయి. వాటి వెనక కుర్చీలో కనకవల్లమ్మ.

"రా అమ్మాయ్, కూర్చో. పెరుగు తీద్దామని ఫ్రిజ్ తెరిస్తే బయటపడ్డాయి. ఆ చీటీల మీది ఇంగ్లీషు నాకు అర్థం కాలేదు. మూతలు తీసి వాసన చూశాను. ఇది నా చారు. ఇది నా గోంగూర. ఇది మొన్నటి కొబ్బరిపచ్చడి." ఆవిడ ఆ సీసాని కోడలి వైపు తోసింది. "నా చేతి వంటలో విషముందేమోనని చూస్తున్నావా?"

వేదశ్రీ తగ్గలేదు. "చూస్తున్నానండీ! ఆయన కాలేయం దెబ్బతింటోంది. ఈ ఇంట్లో నాకెవరూ నిజం చెప్పట్లేదు."

"కన్నతల్లినే! నా కొడుకుని నేనే చంపుకుంటానా?"

"చంపాలని ఎవరు పెడతారత్తయ్యా? ప్రేమతోనే పెడతారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చూసింది అదే!"

లోపలిగదిలోంచి జయదేవ్ ఆదరాబాదరా వచ్చాడు. "ఆగండి ఇద్దరూ! వేదా, అమ్మని ఏమీ అనకు. నీకు చెప్పొద్దన్నది నేనే. పొద్దునా సాయంత్రం ఒక ఉండ చేసి ఇస్తోంది. పసుపు, మిరియాలపొడి, తేనె. అంతే."

"ఎంత ఉండ?"

"ఉసిరికాయంత."

"ఎన్నాళ్లనుంచి?"

"దసరా వెళ్లిన దగ్గర్నుంచి. నీకు తెలిస్తే వద్దంటావు, అమ్మ చిన్నబుచ్చుకుంటుంది. ఎందుకొచ్చిన గొడవని..."

వేదశ్రీ లెక్క వేసుకుంది. అంకెలు ఎక్కడం మొదలైంది కూడా దసరా తర్వాతే. కూరలో వేసే చిటికెడు పసుపు వేరు, రోజుకి రెండు ఉండలు వేరు. మిరియాలు తోడైతే పసుపు సారం ఎన్నో రెట్లు రక్తంలోకి ఎక్కుతుంది, మాత్రని కూడా ఒంట్లోంచి తొందరగా పోనివ్వకపోవచ్చు. ఆ బరువంతా మోయాల్సింది కాలేయమే.

"మరి నేనడిగితే లేదన్నారేంటత్తయ్యా!"

"నువ్వడిగింది ఆకుమందులు. పసుపు మందెప్పుడయిందే? నేను పుట్టకముందు నుంచీ పోపులపెట్టెలో ఉన్నదేగా!" కనకవల్లమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. "అయినా ఇది నా సొంత పైత్యం కాదు. ఇలా రా."

దేవుడి అలమర తలుపు తెరిచింది. తలుపు లోపలివైపు, అన్నం మెతుకులతో అంటించిన పాత పేపరు ముక్క. పైన కుంకుమబొట్టు. కింద చిన్న ఫొటోలో పదహారేళ్ల కిందటి వేదశ్రీ.

ఆవిడ చూపుడువేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "'పసుపుకి మిరియాలు తోడైతే, కేన్సర్‌ని ఎదుర్కొనే గుణం ఒంటికి బాగా పడుతుంది.' నువ్వు రాసినవన్నీ ఇంగ్లీషువే. నేను చదవగలిగింది ఇదొక్కటే తల్లీ. మా కోడలు రాసిందని అపార్ట్‌మెంటంతా చూపించాను. నువ్వు చెప్పిందే కదా, నా బిడ్డకి చేసి పెట్టాను."

వేదశ్రీ దగ్గరికి వంగి, ఆ కాగితం చివరి వరస దాకా చదివింది. దానికి ఇంకో పేరా ఉండేది. మందులు వాడుతున్నవాళ్లు ఇలా తీసుకోకూడదని, కాలేయానికి ప్రమాదమని స్పష్టంగా రాసింది. పేజీలో చోటు చాలట్లేదు, చివరి పేరా తీసేయమంటారా అని పత్రికవాళ్లు ఫోన్ చేశారు. తను బస్సెక్కే హడావిడిలో ఉంది. "తీసేయండి, ఫర్వాలేదు," అంది. మళ్లీ ఆ సంగతే తలుచుకోలేదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పదకొండు సీసాల్లో తను వెతుకుతున్నది ఈ తలుపు వెనకే ఉంది.

"మీరు కాదత్తయ్యా," అంది. కన్నీళ్లు ఆగలేదు. "నేనే. ఆయనకి పెట్టింది నేనే."

వెక్కుతూనే అంతా చెప్పింది. కనకవల్లమ్మ క్యాలెండరుకి వేలాడే పెన్నూ, ఒక చీటీ తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"ఆ తీసేసిన ముక్క ఇప్పుడు రాయి. పెద్దక్షరాలతో."

వేదశ్రీ రాసింది. ఆవిడ ఒక్కో మాటా చదువుకుంది. "డాక్టరుకి చెప్పకుండా ఏదీ పెట్టొద్దని కూడా రాయి. పసుపైనా సరే అని రాయి," అంది. అదీ రాసింది. రెండు మెతుకులు మెదిపి, ఆ చీటీని పేపరు ముక్క కిందే అంటించి, దానికీ కుంకుమబొట్టు పెట్టింది కనకవల్లమ్మ.

"నన్ను క్షమించండత్తయ్యా. మిమ్మల్ని అనుమానించాను."

"అడగాల్సింది సరిగ్గా అడక్కుండా సీసాలు పట్టావు. అదే నా కోపం."

ఉండల డబ్బా ఆరోజే చెత్తబుట్టలో ఖాళీ అయింది. నెల తిరిగేసరికి నూటఅరవై కాస్తా యాభై ఎనిమిదికి దిగింది. మాత్ర ఆపక్కర్లేదన్నాడు డాక్టరు. ఆ రిపోర్టు పట్టుకుని వేదశ్రీ సరాసరి వంటింట్లోకి వెళ్లింది. పొయ్యిమీద చారు మరుగుతోంది. కాగితం చూసి కనకవల్లమ్మ కళ్లొత్తుకుంది. గరిటెతో కాస్త చారు తీసి, ఊది, కోడలి వైపు చాపింది.

"ఈసారి సీసాలో కాదు, నోట్లో పోసుకో."

వేదశ్రీ అరచెయ్యి పట్టి తాగింది. కళ్లు తుడుచుకుంటూనే, "ఉప్పు తక్కువైందత్తయ్యా," అంది.

"అదీ! ఏదున్నా అలా మొహంమీదే అనాలి," అంటూ కనకవల్లమ్మ ఉప్పుడబ్బా ఆమె చేతికిచ్చింది.