వడ్ల అర్ర తలుపు

పొద్దున ఆరు గంటల షిఫ్టుకు ఉపేందర్ బండి గేటు దాటగానే ఉమారాణి గిన్నెలు కడిగేసి, మిగిలిన చాయ్ డికాషన్‌ను ఒక సీసాలో పోసుకుని మేడ మీదికి వెళ్లింది. నాచారంలో వాళ్ల ఇంటి పైన ఒక రేకుల గది ఉంది. పెళ్లయిన కొత్తలో కాప్రాలో ఒక స్కూల్లో డ్రాయింగ్ చెప్పేది. ఆ ఉద్యోగం మానేసినప్పటి నుంచీ ఆ గదే ఆమె లోకం. వచ్చే నెలలో నలుగురు చిత్రకారులు కలిసి పెడుతున్న ప్రదర్శనలో ఆమె బొమ్మ కూడా ఒకటి ఉండాలి.

ఉమారాణి ఒక్క రంగుతో బొమ్మ పూర్తి చేసేది కాదు. ముందు చెక్క మీద పాత పేపర్లు, నూలు గుడ్డ పీలికలు జిగురుతో అంటించేది. అవి ఆరాక సుద్దపొడి కలిపిన తెల్లటి పూత వేసేది. దాన్ని సాండ్ పేపర్‌తో రుద్దితే కింది అక్షరాలు అక్కడక్కడా తేలేవి. ఆ పైన బొగ్గు, చాయ్ నీళ్లు, తుప్పు మేకులు నానబెట్టిన నీళ్లు, ఆఖరుకు రంగులు. ఒక్కో పొరకు ఒక రోజు. తొందరపడితే పొరలు పగులుతాయి.

ఈసారి ఆమె ఎంచుకున్నది ఒక పాత టేకు తలుపు రెక్క. ఉప్పల్‌లో అత్తగారి పాత ఇల్లు రోడ్డు వెడల్పులో పోయినప్పుడు అప్పటికి బతికే ఉన్న మామ గండయ్య పనికొచ్చే కలపంతా తెచ్చి మెట్ల కింద పడేశాడు. అందులోదే ఇది. ఒక వైపు ఇనుప గడియ ఉంది, ఎగుడు దిగుడు. రెండో వైపు నున్నగా ఉంది. ఆ నున్నటి వైపే ఆమె పని మొదలుపెట్టింది. ఉప్పల్ రోడ్డు కింద పూడిపోయిన పొలాన్ని గీయాలని ఆమె ఆలోచన.

పదో రోజు తెల్లటి పూత మీద అరచేయంత పసుపు మరక కనిపించింది. చెమ్మ అనుకుని మళ్లీ పూసింది. మర్నాటికి మరక తిరిగి పైకి వచ్చింది, ఇంకాస్త పెద్దదిగా. ఈసారి సాండ్ పేపర్‌తో చాలాసేపు రుద్ది, గుడ్డ అంటించి, రెండు పూతలు వేసింది. మూడు రోజులు ఏమీ లేదు. నాలుగో పొద్దున చూస్తే గుండ్రటి మరక కింద రెండు వంపులు కూడా తేలాయి. ఒక తల, రెండు భుజాలు. తల కొంచెం ఎడమకు వాలి ఉంది.

ఉమారాణి దాని వంక చూస్తూ నిలబడింది.

కిందికి దిగేసరికి అత్త సక్కుబాయి మెట్ల దగ్గర నిలబడి ఉంది. మోకాళ్ల నొప్పులతో ఆమె ఇల్లు దాటి ఎక్కడికీ పోదు.

"మెట్ల కింది తలుపు ఏడ వోయింది బిడ్డా?"

"నేనే తీసుకున్న అత్తమ్మా, బొమ్మ కోసం."

"రెండున్నయి గదా. ఏది తీసుకున్నవ్?"

"సన్నది. గడియ ఉన్నది."

"దాన్ని తీసిన కాడ పెట్టు. వేరే చెక్క తెచ్చుకో."

"ఇరవై దినాల పని అత్తమ్మా. ఇప్పుడెట్ల పెడత?"

ఆ పూట సక్కుబాయి అన్నం ముట్టలేదు.

ఉమారాణి నాచారం మెయిన్ రోడ్డు మీద రంగుల దుకాణం కనకరాజును మరక గురించి అడిగింది. ఆయన విన్నంతసేపు రంగు డబ్బా మూత తుడుస్తూనే ఉన్నాడు. "అది చెమ్మ గాదమ్మా, నూనె. కట్టెల నూనె ఇంకితే ఎన్ని కోట్లు కొట్టినా పైకే వస్తది. ఒక్కనాడు పడిన నూనె గిట్ల రాదు. ఏండ్ల తరబడి ఇంకాలె."

ఆ మధ్యాహ్నం ఆమె తలుపును గోడకు నిలబెట్టింది. మరక నేలకు మూరన్నర ఎత్తులో ఉంది. నిలబడ్డ మనిషిది కాదు. ఉమారాణి నేల మీద కూర్చుని వీపు ఆనించింది. ఆమె తల సరిగ్గా ఆ గుండ్రటి మరక మీద ఆనింది. భుజాలు భుజాల మీద. కళ్లు మూసుకుంది. చెక్క లోపలి నుంచి వెచ్చదనం వీపుకు తగిలినట్టు అనిపించింది. ఎండకు కాగిందేమో అనుకుంది, కానీ గదిలో ఎండ అటు వైపు పడదు.

గుమ్మంలో గాజు గ్లాసు పగిలిన చప్పుడు. సక్కుబాయి ఎలా ఎక్కిందో మెట్లెక్కి వచ్చింది. చేతిలోని చాయ్ నేలపాలైంది.

"సత్తీ," అంది.

ఉమారాణి లేచింది. "సత్తి ఎవరు అత్తమ్మా?"

"ఎవరు లేరు. కండ్లు తిరిగినయ్." గోడ పట్టుకుని దిగిపోయింది.

మర్నాడు ఉమారాణి కూరగాయలు తెచ్చి పైకి వెళ్లేసరికి మూడు కావొస్తోంది. గదిలో సక్కుబాయి నేల మీద కూర్చుని, బకెట్లో సబ్బు నీళ్లతో, కొబ్బరి పీచుతో తలుపును రుద్దుతోంది. ఇరవై రోజుల పొరలు తడి ముద్దలై నేల మీద పడ్డాయి. ఆమె వేళ్లు చిట్లి నెత్తురు వస్తోంది. పైపొరలు ఊడేకొద్దీ మరక నల్లగా, స్పష్టంగా అయింది తప్ప ఒక్క చుక్క తగ్గలేదు.

"పోత లేదు బిడ్డా," అంది సక్కుబాయి, చిన్నపిల్ల ఫిర్యాదు చేసినట్టు. "ఎంత రుద్దినా పోత లేదు."

షిఫ్టు దిగి వచ్చిన ఉపేందర్ అప్పుడే పైకి వచ్చాడు. తల్లి చేతుల్ని చూసి భార్య వైపు తిరిగాడు. "ఏంది ఇదంత? ఆమెతోని ఈ పని జేయిస్తున్నవా?"

"నేను జేయించలే. మీరే సూడండి." ఉమారాణి తలుపును పక్కకు తిప్పింది. "గడియ ఈ పక్కన ఉంది. మరక ఆ పక్కన. బయట గడియ పెట్టిన తలుపుకు లోపటి నుంచి ఏండ్ల తరబడి ఎవరో ఒరిగి కూసున్నరు. ఎవరు అత్తమ్మా?"

"మా నాయన కట్టిన ఇల్లది. నోరు సంబాళించుకుని మాట్లాడు," అన్నాడు ఉపేందర్.

"ఆమెననకు కొడుకా," అంది సక్కుబాయి. కొబ్బరి పీచు కింద పెట్టింది. "సత్తమ్మ. మీ నాయన చెల్లె. సిన్నప్పుడే సచ్చిపోయిందని చెప్పిన గదా. సావలే."

సక్కుబాయి తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"పందొమ్మిదేండ్లప్పుడు అత్తగారింట్ల మూర్ఛొచ్చి పడ్డది. గాలి సోకిందని తోలిచ్చిన్రు. పొలం కాడ బాయిల పడుతదేమోనని మీ నాయనకు భయం. నలుగురు సూస్తే ఇజ్జత్ పోతదని ఇంకో భయం. నాలుగు దినాలు వడ్ల అర్రల ఉండనీ అన్నడు. తొమ్మిదేండ్లైంది."

"దవాఖానాకు తీస్కపోలేదా?" అడిగింది ఉమారాణి.

"ఒక్కసారి. మందులు అయిపోయినంక మళ్ల తేలే."

"నువ్వేం జేసినవమ్మా?" అడిగాడు ఉపేందర్.

"బువ్వ వెట్టిన. తానం పోసిన. రోజూ తలకు నూనె రాసి దువ్విన. నేనే నూనె రాసిన, నేనే గడియ వెట్టిన." ఆమె తన వేళ్ల వంక చూసుకుంది. "గడియ వెట్టినంక ఆమె తలుపుకు ఒరిగి కూసునేది. నేను ఈ పక్క కూసుని బియ్యం ఏరుకునేది. ముచ్చట వెట్టుకునేటోళ్లం. నువ్వు పుట్టినంక నీకు జోల పాట ఆమెనే పాడేది, లోపట్నుంచి."

ఉపేందర్ తల్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు బడిలో పిల్లలతో మా ఇంట్లో గోడ పాడుతుందని చెప్పాడు. ఆ మాట ఇంటికి చేరితే తండ్రి చెంప మీద కొట్టాడు. ఎందుకు కొట్టాడో ఇన్నేళ్లూ తెలియలేదు.

"నీకు అయిదేండ్లప్పుడు మీ నాయన ఆమెను జవహర్‌నగర్ దిక్కు ఒక ఆశ్రమంల ఇడిసిపెట్టొచ్చిండు. ఆరేండ్ల కింద సచ్చేముందు చెప్పిండు, ఉన్నదో లేదో పోయి సూడమని. నేను పోలే. ఏ మొకం పెట్టుకుని వోవాలె?"

రెండు రోజులు ఉపేందర్ తల్లితో మాట్లాడలేదు. ఉమారాణి ప్రదర్శన వాళ్లకు ఫోన్ చేసి, ఆ తలుపును పంపడం లేదని చెప్పింది. "అది ఒకామెది. ఆమెను అడగకుండ నేనెవరికీ సూపియ్యను," అంది. ఆదివారం పొద్దున ఉపేందర్ తనే ఆటో పిలుచుకొచ్చి తల్లి ముందు చెప్పులు పెట్టాడు. "పోదాం పా అమ్మా," అన్నాడు.

కాప్రా చెరువు, సైనిక్‌పురి దాటాక గాలిలో చెత్త కాలిన వాసన మొదలైంది. ఆశ్రమం చిన్నది. రేకుల వరండా, వేపచెట్టు. ఆఫీసులో ఉన్న పెద్దావిడ పాత రిజిస్టర్లో వేలు జరుపుతూ ఆగింది. "సత్తమ్మ, ఉప్పల్. ఉన్నది. ఇన్నేండ్లల్ల ఎవ్వరు రాలే."

"మూర్ఛలొస్తున్నయా?" అడిగాడు ఉపేందర్.

"ఎక్కడివి? రోజుకొక్క మందు గోలి ఏసుకుంటది. ఇరవై ఏండ్లైంది రాక."

ఉపేందర్ గోడ వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. రోజుకొక్క గోలి.

వరండాలో ఒక ముసలామె తోటకూర ఏరుతోంది. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. తల కొంచెం ఎడమకు వాలి ఉంది. ఆమె ముందుగా ఉమారాణి చేతుల్నే చూసింది. గోళ్ల సందుల్లో తెల్లటి సుద్ద ఇంకా ఉంది.

"నీ చెయ్యి ఇటియ్యి బిడ్డా." పట్టుకుని అరచేతిని తడిమింది. "గీ చెయ్యే. ఇరవై దినాల సంది పగటిపూట నా వీపు మీద తిరుగుతున్నది."

వెంట వచ్చిన ఆఫీసు పెద్దావిడ మెల్లగా అంది, "అవునమ్మా, ఎవరో వీపు రుద్దుతున్నరని అంటనే ఉంది. మేమే పట్టించుకోలే."

సత్తమ్మ అప్పుడు వెనకాల నిలబడ్డ సక్కుబాయిని చూసింది. చూస్తూనే ఉంది. "వదినె," అంది చివరకు. "ముసలైపోయినవ్."

సక్కుబాయి ఒక అడుగు ముందుకు వేసింది.

"అన్న మంచిగున్నడా?"

"లేడు సత్తీ. ఆరేండ్లైంది."

సత్తమ్మ ఒడిలోని కూరను పక్కన పెట్టింది. ముంజేత్తో కళ్లు తుడుచుకుంది. తనను అర్రలో పెట్టిన అన్న కోసం ఏడ్చింది. తర్వాత అడిగింది, "మరి ఒక్కదానివే ఎట్ల ఉంటున్నవ్ వదినె?"

సక్కుబాయి నొప్పి మోకాళ్ల మీదే నేల మీదికి ఒరిగి ఆమె ఒళ్లో తల పెట్టింది. ముప్ఫై ఆరేళ్ల ఏడుపు ఒక్కసారి బయటికి వచ్చింది. ఉపేందర్ వచ్చి తల్లి పక్కనే కూర్చున్నాడు. "అత్తా, నేను ఉపేందర్‌ను. ఇంటికి పోదాం," అన్నాడు. సత్తమ్మ అతని మొహమంతా చేత్తో తడిమింది. "నెలకో రెండు దినాలు వస్త కొడుకా. ఈడ నాకు పనుంది. ఈళ్లందరికీ కూర నేనే ఏరాలె."

"నన్ను తిట్టు సత్తీ," అంది సక్కుబాయి, తల ఎత్తకుండానే. "ఒక్కమాట తిట్టు. నా పాణం నిమ్మళమైతది."

సత్తమ్మ ఆమె నెరిసిన తలను నిమిరింది.

"తిట్టను వదినె. తిడితే నువ్వు మళ్ల రావు."