బోర్లించిన గ్లాసు

వస్తువు దాని చోట లేకపోతే ఆ ఇల్లాలికి ముద్ద దిగదు. గ్రంథాలయంలో రోజంతా పుస్తకాలు సర్దే ఉద్యోగం, ఇంటికొస్తే ఇదే పని. ఆ ఉదయం చెప్పుల అర మీద చెంచా, కిటికీలో బోర్లించిన గ్లాసు, కుర్చీ కాలికి కట్టిన జడ రిబ్బను కనిపించాయి. గొణుక్కుంటూనే అన్నీ తీసి ఎక్కడివక్కడ పెట్టేసింది.

ఇవన్నీ ఎనిమిదేళ్ల కూతురి నిర్వాకాలే. ఏం చెప్పినా మరిచిపోతుందని, కరెంటు పనులు చేసే తండ్రి ఆ పిల్లకి మతిమరుపు మహారాణి అని బిరుదిచ్చాడు. వాడుకలో మహారాణి మిగిలింది. ఆ రోజూ మహారాణి రంగు పెన్సిళ్లు మరిచిపోయి బడికి వెళ్లింది.

పిల్లని ఇదే తరగతిలో మరో ఏడాది ఉంచుదామంటోంది బడి. రేపటిలోగా జవాబు చెప్పాలి. అందుకే తెలివితేటల పరీక్ష చేయించారు. మధ్యాహ్నం సైకాలజిస్టు ఫలితాలు విప్పి చెప్పింది. ముక్కలు కలిపి ఆకారాలు కట్టడంలో, ఏది ఎందుకు జరిగిందో పసిగట్టడంలో తనకంటే నాలుగేళ్లు పెద్దవాళ్లతో సమానం. విన్న మాటల్ని తలలో నిలుపుకోవడంలో మాత్రం బాగా వెనక. రెండూ కలిపి సగటు తీస్తే మామూలు పిల్ల.

"ఆ సగటు పిల్ల మీ ఇంట్లో లేదండీ," అంది ఆవిడ. "ఇంత తక్కువ జ్ఞాపకంతో మీ అమ్మాయి ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చిందో, తననే అడిగి చూడండి."

అడగడం ఎవరికి గుర్తుంది? ఎవరికి కావలసిన అంకె వాళ్లు పట్టుకుని ఇల్లు చేరారు. సాయంత్రం వంటింట్లో రాజుకుంది.

"అంత బుర్ర ఉన్న పిల్ల మూడు మాటలు గుర్తుపెట్టుకోలేదంటే ఒళ్లు బద్ధకం కాక మరేమిటి? గట్టిగా అదిలిస్తే దారికొస్తుంది," అన్నాడు తండ్రి.

"చేతకాని పిల్లని పట్టుకుని బద్ధకమంటారా? ఆ ఏడాదేదో ఆగనివ్వండి, పోయేదేముంది?" అంది తల్లి.

మహారాణి గుమ్మంలోనే నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచో మరి.

"నువ్వు సర్దకపోతే నాకు గుర్తుంటుందమ్మా."

ఇద్దరికీ అర్థం కాలేదు. పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని చెప్పుల అర దగ్గరికి తీసుకెళ్లింది. చెంచా రంగు పెన్సిళ్ల కోసమట. చెంచాకీ పెన్సిళ్లకీ ఏం సంబంధమని తల్లి అడిగింది.

"ఏం లేదు. చెంచా ఇక్కడ ఉండకూడదుగా. ఉంటే ఎందుకుందా అని ఆగుతాను. ఆగితే గుర్తొస్తుంది."

బోర్లించిన గ్లాసు మొక్కలకి నీళ్లు పోయడానికి. కుర్చీ కాలికి రిబ్బను, టార్చిలో బ్యాటరీ అయిపోయిందని నాన్నకి చెప్పడానికి. పొద్దున తండ్రి ఆ వెలగని టార్చితోనే నిచ్చెనెక్కి, చీకట్లో తీగలు తడుముకుని, అందర్నీ తిట్టుకున్నాడు.

తల్లి ఇల్లంతా కలయజూసింది. ఎవరూ నేర్పకుండా, ఇంత పిల్ల, తనకి లేనిదాన్ని తనకున్నదానితో ఇంటి నిండా కట్టుకుంది. రోజూ పొద్దున్నే దాన్ని కూల్చింది కన్నతల్లి.

"మరి నాతో ఎప్పుడూ చెప్పలేదేం, తల్లీ?"

"చెప్దామనే దువ్వెన నీ దిండు మీద పెట్టాను. నువ్వు తీసేశావు."

తండ్రి ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. తల్లి కూతుర్ని పొదివి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. పిల్ల తోటివాళ్లతో పాటే పై తరగతికి వెళ్తుందనీ, చెప్పేది కంటికి కనబడేలా చెప్పమని టీచరుని తానే అడుగుతాననీ అన్నాడు తండ్రి. ఆమె తలూపింది.

మర్నాడు చెప్పుల అర మీద మళ్లీ చెంచా. తల్లి చెయ్యి అలవాటుగా ముందుకెళ్లి, సగంలో ఆగింది. ఆ మణికట్టుకి ఎర్ర జడ రిబ్బను కట్టి ఉంది.

చెప్పులేసుకోబోతున్న మహారాణి ఆ రిబ్బను చూసింది.

"అమ్మా, అది అక్కడ ఉండకూడదుగా?"

"అందుకే," అంది తల్లి.